బానెట్ ఎత్తి చూద్దాం: సూది ఎప్పుడు లేస్తోంది?

ఎండలు ముదిరిన సంగతి నాకు పంచాంగం చెప్పనక్కర్లేదు, ఉత్తరాల కట్ట చెబుతుంది. సంక్రాంతి రోజుల్లో ‘పొద్దున్నే స్టార్టు కావడం లేదు’ అని రాసినవారే ఉగాది దాటగానే ‘ఇంజిన్ కాగిపోతోంది’ అని రాస్తారు. ఈ నెల ఆ జబ్బు మీద వచ్చినవాటిలో ఐదింటిని ఏరాను. అన్నీ పాత చిన్న కార్లే. నేను 33 ఏళ్లు బస్సు డిపో గ్యారేజీలో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ని. ఇంట్లో ఉన్నది 1997 మారుతి 800. బస్సయినా 800 అయినా కాగే పద్ధతి ఒకటే.

ఉత్తరం రాసేవారికి ఒక విన్నపం. ‘బండి హీటవుతోంది, ఏం మార్చాలి?’ అని ఒక్క ముక్క రాస్తే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడిని చూపే సూది ఎప్పుడు లేస్తోందో రాయండి. నిలబడినప్పుడా, పరుగెత్తినప్పుడా, ఘాట్ ఎక్కేటప్పుడా, స్టార్టు చేసిన రెండు నిమిషాలకేనా? డాక్టరు ‘జ్వరం ఏ వేళకు వస్తోంది’ అని అడిగినట్టే ఇదీ.

ప్రశ్న: ఫోర్‌మన్ గారికి నమస్కారం. నాది 2004 మోడల్ మారుతి 800. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో బడికి వెళ్లి వచ్చేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. గుంటూరు బయలుదేరి 70, 80 వేగంలో పావుగంట నడిపితే చాలు, సూది మధ్య గీత దాటి ఎరుపు వైపు పోతుంది. వేగం 50కి తగ్గిస్తే మళ్లీ దిగుతుంది. ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. మొదటి ఆయన ఫ్యాన్ మోటారు మార్చారు. రెండో ఆయన థర్మోస్టాట్ తీసి అవతల పారేశారు. మూడో ఆయన హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది, ఇంజిన్ దించాలి అంటున్నారు. దించమనేదా?
ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, దించనివ్వకండి. హెడ్డు అంటే ఇంజిన్ పైభాగం, దాని కింద మంట, నీళ్లు కలవకుండా వేసే పలకే గాస్కెట్. ఆ కారులో దాన్ని మార్చడానికి ఇంజిన్ దించనక్కర్లేదు, హెడ్డు విప్పితే చాలు. దించాలన్న మాటలోనే నాకు అనుమానం వచ్చింది.

ఫ్యాన్ ఎందుకుందో ముందు చూద్దాం. బండి నిలబడి ఉన్నప్పుడు, నత్తనడకన పోతున్నప్పుడు ఇంజిన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కు గాలి తగలదు. ఆ లోటు తీర్చడానికే ఫ్యాన్. 50 దాటిన తర్వాత ఎదురుగాలే రేడియేటర్ గుండా దూసుకుపోతుంది, ఫ్యాన్ తిరిగినా మానినా పెద్ద తేడా ఉండదు. మీ కారు ఊళ్లో చల్లగా ఉండి హైవే మీద కాగుతోంది. అంటే నిర్దోషి ఎవరో ముందే తేలిపోయింది, ఫ్యాన్. మొదటి మెకానిక్కు మార్చింది దాన్నే. ‘ఎప్పుడు కాగుతోంది?’ అని ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీ డబ్బు మిగిలేది.

పెట్రోలు మండి పుట్టించే వేడిలో దాదాపు మూడో వంతును మోసుకుపోవలసింది రేడియేటర్ నీళ్లే. 40లో వెళ్తున్నప్పుడు 796 సీసీ ఇంజిన్ పుట్టించే వేడి కొంచెం. సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా దాన్ని పారదోలగలదు. 80కి వచ్చేసరికి వేడి బాగా పెరుగుతుంది. అప్పుడు సగం రేడియేటర్ చాలదు. వేగం పెంచితే కాగి, తగ్గిస్తే చల్లబడే బండిలో నీళ్లు సరిగా పారడం లేదన్నా అనుకోవాలి, గాలి సరిగా దూరడం లేదన్నా అనుకోవాలి. గాస్కెట్ పోయిన బండి ఇంత మర్యాదగా 50కి దిగగానే సర్దుకోదు. నీళ్లు తాగేస్తుంది, బుడగలు కక్కుతుంది, ఊళ్లోనూ సతాయిస్తుంది.

కాబట్టి ఒక ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టండి. గ్రిల్లు ముందు నిలబడి చూడండి. అదనపు ఫాగ్ లైట్లు, స్టిక్కర్లు, ఇనప గార్డు ఏమైనా బిగించారా? మా వీధిలో ఒకాయన దిష్టిబొమ్మను సరిగ్గా రేడియేటర్ ముందు కట్టాడు, దిష్టి సంగతేమో గానీ గాలి తగలకుండా పోయింది. టార్చి వేసి రేడియేటర్ రెక్కల మధ్య చూడండి. పత్తి పింజెలు, పురుగులు, ఎండిన మట్టి మీ ప్రాంతంలో మామూలే. ఏసీ ఉంటే దాని కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఒక మెత్తటి దుప్పటిలా పేరుకుని ఉంటాయి. నీళ్ల పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి, బయటి నుంచి లోపలికి కొడితే మట్టి మరింత దిగబడుతుంది. ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి.

తర్వాత వాటర్ పంపు బెల్టు. మన మెకానిక్కులు వాటర్ బాడీ అంటారే, దాన్ని తిప్పేది ఈ బెల్టే. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపే వంగాలి. అంతకన్నా వంగితే వదులు. వదులు బెల్టు మెల్లగా పోయేటప్పుడు బాగానే లాగుతుంది, వేగంలో జారుతుంది. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టే లెక్క.

ఆ తర్వాత కింది హోసు పైపు. రేడియేటర్ నుంచి పంపు నీళ్లు పీల్చుకునేది దీని గుండానే. పాతబడి మెత్తబడితే ఇంజిన్ వేగం పెంచినప్పుడు ఆ పీల్పుకు చప్పబడి దారి మూసుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని, మీరు దూరం నుంచి ఆ పైపును గమనించండి. బొండాం తాగేటప్పుడు కాగితపు స్ట్రా చప్పబడుతుంది చూడండి, అలా అవుతుంది. చొక్కా చేతులు, కండువా బెల్టుకు దూరంగా ఉంచండి.

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని తలుపు థర్మోస్టాట్. మీది పారేయడం వల్ల ఒక్క లాభం ఉంది. చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేసి, కాస్త రైజు చేస్తే లోపల నీళ్లు సుడి తిరుగుతూ పారడం మొదటి నిమిషం నుంచే కనిపించాలి. కదలిక లేకపోతే పంపు లోపలి రెక్కలు తుప్పుకు తినేసి ఉండవచ్చు, లేదా రేడియేటర్ మూసుకుని ఉండవచ్చు. పంపు ఇరుసు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తుప్పు చారిక గానీ ఆకుపచ్చ మరక గానీ కనిపిస్తే సీలు పోయినట్టు.

చివరిగా అరచేతి పరీక్ష. నేను మీటర్లకన్నా నమ్మేది దీన్నే. బండిని బాగా వేడెక్కనిచ్చి ఇంజిన్ ఆపి, తాళం చేతిలోకి తీసుకుని, బ్యాటరీ వైరు కూడా విప్పండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆగినా ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, వేళ్లు పోతాయి. అప్పుడు రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా తాకి చూడండి. పైనుంచి కిందికి వేడి కొంచెం కొంచెంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక చోట ఉన్నట్టుండి చల్లగా తగిలితే ఆ గొట్టాల్లో నీళ్లు పారడం లేదు.

ఈ పని మీద ఉన్నప్పుడే ఇంకొకటి. హైవే మీద పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. ఒక చక్రం మాత్రం మండిపోతుంటే బ్రేకు పట్టేసి ఉంది. బ్రేకు పట్టిన బండిని లాగడానికి ఇంజిన్ రెట్టింపు కష్టపడుతుంది, నింద రేడియేటర్ మీద పడుతుంది. డిపోలో ఇలాంటి బస్సులు ఎన్ని చూశానో లెక్కలేదు.

పై జవాబును మాస్టారికి ముందే పోస్టులో పంపాను. మూడు వారాలకు ఆయన రెండో ఉత్తరం వచ్చింది. బెల్టు బాగానే ఉందట, చక్రాలు సమానంగా ఉన్నాయట. అరచేతి పరీక్షలో కింది భాగంలో జానెడు మేర చల్లగా తగిలిందట. గుంటూరులో రేడియేటర్లు బాగుచేసే షాపులో ట్యాంకు విప్పిస్తే గొట్టాల్లో మూడో వంతుకు పైగా తెల్లటి గట్టి పదార్థంతో మూసుకుపోయి ఉన్నాయి. ‘ఎనిమిదేళ్లుగా మా ఇంటి బోరు నీళ్లే పోస్తున్నాను’ అని రాశారు.

మాస్టారూ, మీది పల్నాడు. నేల కింద సున్నపురాయి. పక్కనే పిడుగురాళ్లలో బట్టీలు పెట్టి సున్నం కాలుస్తారు, మీరు బట్టీ ఖర్చు లేకుండా రేడియేటర్‌లోనే పొరలు పోశారు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడి తగిలితే విడిపోయి గోడలకు అంటుకుంటాయి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున చూడండి, అదే తెల్ల పొర. వేడిని అది బయటికి పోనివ్వదు, నీటికి దారీ ఇవ్వదు. రేడియేటర్ కోరు, అంటే ఆ గొట్టాల పలక, మార్పించి మంచి పని చేశారు. కొందరు బాత్రూము కడిగే యాసిడ్ పోసి కరిగిస్తామంటారు, వినకండి. ఈ ఇంజిన్ హెడ్డు అల్యూమినియం. యాసిడ్ సున్నాన్ని తిన్నాక హెడ్డును తింటుంది.

ఇక ఇంజిన్ లోపలి నీటి దారులను కూడా మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగించి, కొత్త థర్మోస్టాట్ వేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయించండి. డబ్బా మీద చూడండి. కొన్ని నేరుగా పోసేవి, కొన్ని నీళ్లు కలపవలసినవి. కలిపేవైతే మూడో వంతు నుంచి సగం దాకా కూలెంట్ ఉండాలి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా అని మానేస్తారు చాలామంది. కూలెంట్ పని చలిని ఆపడం ఒక్కటే కాదు, తుప్పు పట్టకుండా చూడటం, మరిగే స్థాయిని పెంచడం కూడా. చివరి మారుతి 800 ఫ్యాక్టరీ దాటింది 2014 జనవరిలో. అంటే రోడ్డు మీద ఉన్న ప్రతి 800కీ పదేళ్లు దాటాయి. అన్నేళ్లు బోరు నీళ్లు తాగిన బండి ఏదైనా ఈ జబ్బుకు దగ్గరలోనే ఉంటుంది.

నరసరావుపేట నుంచి గుంటూరు 45 కిలోమీటర్లు 80లో పోయి వచ్చారట. సూది సగానికి ఒక వెంట్రుకంత కింద నిలిచిందట. వంకాయలు పంపుతానన్నారు. వద్దు మాస్టారూ, ఆ రెండో మెకానిక్కుకు కింది జవాబు చదివి వినిపించండి, చాలు.

ప్రశ్న: మా ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు. థర్మోస్టాట్ అనేది చలి దేశాల కోసం పెట్టిన వస్తువు, మనకు అనవసరం, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది అని మా మెకానిక్ అంటాడు. తీయించవచ్చా?
ట్రావెల్స్ నడిపే పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: వద్దు. మీకు 45 ఎండగా అనిపిస్తుంది గానీ ఇంజిన్‌కు అది చలే. దానికి కావలసింది 80, 90 డిగ్రీలు. ఆ వేడికి చేరేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా పట్టి ఉంచేదే థర్మోస్టాట్. తీసేస్తే బండి వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా వేడెక్కదు. ఇంజెక్షన్ బండి అయితే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం, అసలు జబ్బు మరుగున పడటం. మాస్టారి బండిలో జరిగింది అదే.

అది చెడిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. దాని మీద ఒక అంకె కొట్టి ఉంటుంది, చాలా చిన్న కార్లకు 82 అని. పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. ఆ వేడి దగ్గర నోరు తెరవడం మొదలుపెట్టాలి. నీళ్లు మరుగుతున్నా తెరవకపోతే పారేయండి. చల్లని నీళ్లలోనే తెరుచుకుని ఉన్నా పారేయండి. కొత్తది కొన్ని వందల రూపాయల వస్తువు. గిన్నె మాత్రం మళ్లీ వంటకు వాడకండి. ఈ సలహా పాటించకపోవడం వల్ల నేను ఇంట్లో మాటలు పడ్డాను.

ప్రశ్న: నాది 2006 శాంట్రో. సిగ్నల్ దగ్గర ఆగితే సూది లేస్తుంది. రింగ్ రోడ్డు ఎక్కితే దిగిపోతుంది. విచిత్రం ఏమిటంటే, సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే కూడా దిగుతుంది. ఏసీ వేస్తే ఇంజిన్‌కు భారం పెరగాలి కదా?
బ్యాంకు ఉద్యోగిని, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మాస్టారి జబ్బుకు ఇది తిరగేసిన జబ్బమ్మా. నిలబడితే కాగుతోంది, పరుగెత్తితే చల్లబడుతోంది. కాబట్టి మీ రేడియేటర్, నీళ్లు, పంపు బాగానే ఉన్నట్టు. లోపం గాలి విసరడంలో.

ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగమని వేరే దారిలో ఆజ్ఞ వెళ్తుంది, ఇంజిన్ వేడితో దానికి నిమిత్తం లేదు. ఆ గాలికి రేడియేటర్ కూడా చల్లబడుతోంది. ఏసీ లేనప్పుడు ‘వేడెక్కింది, తిరుగు’ అని చెప్పవలసిన దారి తెగి ఉండవచ్చు, లేదా రేడియేటర్ ఫ్యానే పోయి ఉండవచ్చు. ముందు ఫ్యూజు పెట్టె తెరిచి రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజు చూడండి. తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు పెట్టె. పక్కనే అదే నంబరు ఉన్న ఇంకో రిలే ఉంటే అటూ ఇటూ మార్చి చూడటం ఐదు నిమిషాల పని. తర్వాత రేడియేటర్ ఫ్యాన్ మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చి చూడమనండి. తిరిగితే మోటారు మంచిది, వేడిని చూసే సెన్సారు గానీ దాని ప్లగ్గు గానీ పోయింది. తిరగకపోతే మోటారే పోయింది, మిమ్మల్ని కాపాడుతున్నది ఏసీ కోసం వేరుగా ఉన్న ఫ్యాన్ గాలి. బాగుచేయించే దాకా సిగ్నళ్ల దగ్గర ఏసీ వేసుకోండి. చలవకు చలవ.

ప్రశ్న: రేడియేటర్ పక్కన ఉండే రిజర్వ్ బాటిల్ సాయంత్రానికి నిండి పొర్లుతోంది. పొద్దున చూస్తే రేడియేటర్‌లో నీళ్లు తక్కువగా ఉంటున్నాయి, బాటిల్‌లో మాత్రం అలాగే ఉన్నాయి. గాస్కెట్ అన్నారు. హెడ్డు విప్పడానికి ముందు చేయవలసింది ఏమైనా ఉందా?
పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉంది. మూత మార్చండి.

రేడియేటర్ మూతలో రెండు కవాటాలు ఉంటాయి. వేడికి నీళ్లు ఉబ్బి ఒత్తిడి పెరిగినప్పుడు పెద్దది తెరుచుకుని ఎక్కువైన నీటిని బాటిల్‌లోకి పంపుతుంది. రాత్రి చల్లబడి లోపల ఖాళీ ఏర్పడినప్పుడు చిన్నది తెరుచుకుని ఆ నీటిని వెనక్కి పీల్చుకుంటుంది. మీ బండిలో పోవడం ఉంది, రావడం లేదు. చిన్న కవాటం బిగుసుకుని ఉండవచ్చు, లేదా మూత దగ్గర నుంచి బాటిల్‌కు వెళ్లే సన్నటి గొట్టం చీలి గాలి పీలుస్తూ ఉండవచ్చు, లేదా ఆ గొట్టం కొస బాటిల్‌లో నీటికి పైన వేలాడుతూ ఉండవచ్చు. పొద్దున పై హోసు పైపు చప్పగా నొక్కుకుపోయి ఉంటే మూతే దొంగ. మూత మీద ఒత్తిడి అంకె 0.9 అని ఉంటే 0.9 దే కొనండి. ఎక్కువ అంకె వేస్తే బాగా ఆపుతుందని కొందరు అంటారు, అప్పుడు పగిలేది హోసు పైపు.

మూత, గొట్టం మార్చినా అలాగే ఉంటే అప్పుడు గాస్కెట్‌ను అనుమానించాలి. పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్టు చేసి ఒకటి రెండు నిమిషాల్లో పై హోసు నొక్కండి. ఇంకా వేడే ఎక్కకుండా అది రాయిలా గట్టిపడితే, సిలిండర్‌లోని పేలుడు గాలి నీళ్లలోకి దూరుతోంది. బాటిల్‌లో ఎడతెగకుండా బుడగలు వస్తున్నాయా చూడండి. పెద్ద వర్క్‌షాపుల్లో ఒక నీలం మందు ఉంటుంది, రేడియేటర్ నోటి దగ్గరి గాలిని దాని గుండా పంపితే పసుపుగా మారుతుంది. అలా మారితే ఇక వాదన అక్కర్లేదు. ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉన్నా అంతే. ఆయిల్ పోసే మూత కింద కొంచెం మీగడలా ఉంటే మాత్రం కంగారు పడకండి, తక్కువ దూరాలు తిరిగే బండ్లలో తేమ వల్ల అలా వస్తుంది.

హెడ్డు విప్పవలసి వస్తే, కొత్త గాస్కెట్ వేసి బిగించేస్తానంటే ఒప్పుకోకండి. స్కేలు పెట్టి సమతలంగా ఉందో లేదో మీ కళ్లముందు చూపించమనండి. వంపు 0.05 మిల్లీమీటర్లు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే చదును చేయించాలి. లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

మూత గురించి చెబుతూ నా ఎడమ మోచేతి సంగతి దాచడం న్యాయం కాదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ, శిఖరం ఇంకా కొంత దూరం ఉండగా నా 800 కాగింది. వృత్తిలో అప్పటికే 20 ఏళ్లు దాటినవాణ్ని, కొత్త డ్రైవర్లకు ‘వేడి మీద మూత తీయకండి’ అని పాఠాలు చెప్పేవాణ్ని. వెనక సీట్లో మా అత్తగారు ‘దర్శనం వేళ దాటిపోతుంది’ అన్నారు. తువ్వాలు మడిచి మూత తిప్పాను. మూత పట్టి ఉంచే ఒత్తిడిలో నీళ్లు 118 డిగ్రీల దాకా మరగకుండా ఊరుకుంటాయి. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోతుంది, ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తాయి. తువ్వాలు ఏమీ ఆపలేదు. పక్కన ఆగిన లారీ డ్రైవరు నా చేతి మీద చల్లని నీళ్లు పోస్తూ, ‘రెండు బీడీలు కాల్చుకునేంత సేపు ఆగితే పోయేది కదా సార్’ అన్నాడు. అది కూడా తక్కువే. ముప్పావుగంట ఆగాలి. పై హోసు నొక్కితే మెత్తగా ఉండి, చెయ్యి నిశ్చింతగా పెట్టగలిగినప్పుడే మూత. దర్శనం ఆ సాయంత్రం అయింది, మచ్చ ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: ఇది మా నాన్నగారి 1999 మారుతి 800. ఆయన పోయి రెండేళ్లయింది. గత నెల సాలూరు వైపు వెళ్తుంటే సూది ఎర్ర గీత దాకా వెళ్లి, అంతలోనే తానుగా పూర్తిగా కిందికి పడిపోయింది. హమ్మయ్య అనుకుని నడిపాను. నాలుగైదు కిలోమీటర్లకు ఇంజిన్ టకటకమని శబ్దం చేసి ఆగిపోయింది. అక్కడ ఒకరు ఇంజిన్ మీద బిందెడు చల్లని నీళ్లు పోశారు. ఇప్పుడు స్టార్టు కావడం లేదు. పాత ఇనుముకు ఇచ్చేయమంటున్నారు అందరూ. సూది దిగిపోయాక ఎలా కాగింది?
పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ పొరపాటు ఏమీ లేదు. ఈ సంగతి డ్రైవింగ్ స్కూళ్లలో చెప్పరు. ఆ సూదికి సమాచారం ఇచ్చే సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. ఏదో హోసు పగిలి నీళ్లన్నీ పోయాక అది ఖాళీలో వేలాడింది. ఇంజిన్ మండిపోతున్నా దానికి తెలియదు. ఎర్ర గీత దాకా లేచిన సూది ఉన్నట్టుండి పడిపోతే అది చల్లబడటం కాదు, నీళ్లు లేకపోవడం. ఆ క్షణమే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. సూది ఇంకా మెల్లగా లేస్తున్న దశలో అయితే వేరు. హీటరు ఉన్న బండి అయితే కిటికీలు దించి హీటరు పూర్తిగా తిప్పండి, అది కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడిని లాగేస్తుంది. ఆ హీటరు చల్లని గాలి ఊదితే నీళ్లు పోయినట్టు అర్థం.

కాగిన ఇంజిన్ మీద చల్లని నీళ్లు పోయడం మంచి మనసుతో చేసిన చెడ్డ పని. హెడ్డు పగలవచ్చు, వంగవచ్చు. కానీ చూడకుండా ఇనుముకు ఇవ్వకండి. మారుతి 800 భాగాలు ఇంకా దొరుకుతున్నాయి, దాని పని తెలిసినవారు ప్రతి ఊళ్లో ఉన్నారు.

మంచి మెకానిక్కును ఇంటికే పిలవండి. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పించి, కొంచెం ఇంజిన్ ఆయిల్ ఆ రంధ్రాల్లో పోయించి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున గేరు న్యూట్రల్‌లో పెట్టి, కింది పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పమనండి. అసలు కదలకపోతే పిస్టన్లు పట్టేశాయి. సిలిండర్ బోరు, పిస్టన్లు, రింగులు అంతా చేయించాలి, ఆ ఖర్చు బండి ధరను దాటుతుంది. సాఫీగా తిరిగితే ఆశ ఉంది. డిప్‌స్టిక్ తీసి ఆయిల్లో నీళ్లు కలవలేదని చూసుకున్నాకే, మీటరు పెట్టి మూడు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో, చూడమనండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే హోసు, థర్మోస్టాట్ మార్చి మళ్లీ ప్రయత్నించవచ్చు. పక్కపక్క సిలిండర్లు రెండు బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ కాలిపోయినట్టు, హెడ్డు విప్పితే సరిపోవచ్చు.

మీ ఉత్తరం చివర, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ బానెట్ ఎత్తి బాటిల్‌లో నీళ్లు చూసే అలవాటు నాన్నగారికి ఉండేదని రాశారు. మీరు మొదటి నుంచీ అడుగుతున్నది కూడా ఆ కారు మళ్లీ నడుస్తుందా అనేగా. ఆ మూడు అంకెలు కార్డు మీద రాసి నాకు పంపండి. హెడ్డు విప్పాలో, వదిలేయాలో అప్పుడు చెబుతాను. చేత్తో తిప్పి చూసి, ఆయిల్ చూసుకునేదాకా ఎవరు అడిగినా స్టార్టర్ మాత్రం తిప్పనివ్వకండి.